చక్రానికి ఎదురుగా

మొన్న ఆదివారం మేడ్చల్ దాటాక ఉన్న ఒక ఇంజినీరింగ్ కాలేజీలో, నాలుగు వైపులా మందపాటి అద్దంలాంటి పలకలు బిగించిన గది ముందు పిల్లలంతా ముక్కులు ఆనించి నిలబడి కేకలు పెడుతుంటే, నేనొక్కణ్ణే జరిగి జరిగి ఒక మూలకు చేరుకున్నాను. లోపల రెండు రోబోలు కొట్లాడుతున్నాయి. ఒకదాని మూతికి ఉక్కు చక్రం గిర్రున తిరుగుతోంది, అది ఎదుటిదానికి తగిలినప్పుడల్లా నిప్పురవ్వలు లేస్తున్నాయి. పిల్లలకు అది తమాషా. నా కాళ్ళు మాత్రం నన్ను అడగకుండానే ఆ చక్రానికి ఎదురు కాని చోటికి నన్ను తీసుకుపోయాయి. జీడిమెట్ల ఫ్యాక్టరీ షెడ్లలో పనిచేసి తలలు నెరిసినవాళ్ళు మీలో ఎవరైనా ఉంటే, ఎందుకో మీకు చెప్పనక్కర్లేదు.

నిజానికి నేను తమాషా చూడడానికి పోలేదు, మా బావ పంపితే పోయాను. బావ అంటే మా అక్క భర్త, శామీర్‌పేటలో ఉంటాడు. ఆయన కొడుకు కూతురు, వరసకు నాకూ మనవరాలే, ఆ కాలేజీలో చదువుతూ స్నేహితురాళ్ళతో కలిసి అట్లాంటి కొట్లాట రోబో ఒకటి తయారు చేసింది. దాని చక్రం ఫొటో చూసినప్పటినుంచి బావకు అన్నం సయించడం లేదని అక్క ఫోన్ చేసింది. అంతలో ఆయనే ఫోన్ గుంజుకుని, "నువ్వు పోయి కండ్లార చూసి రా. నువ్వు సరే అంటె సరే, లేకుంటె పోరిని ఇగ దాని జోలికి పోనియ్య" అన్నాడు. పిల్ల ఏడాది కష్టాన్ని నా నోటిమాట మీద పెట్టాడన్నమాట. పెద్దరికం ఇంత బరువని ముందే తెలిస్తే జుట్టుకు రంగేసుకుని తిరిగేవాణ్ణి.

బావకు తిరిగే చక్రమంటే ఎందుకంత భయమో చెప్పాలంటే మా పాత షెడ్డు దాకా పోవాలి. అక్క పెళ్ళైన కొత్తలో బావే నన్ను అక్కడ పనిలో పెట్టించాడు. నీళ్ళ పంపుల భాగాలు చేసే చిన్న రేకుల షెడ్డు అది. ఇద్దరం సైకిళ్ళ మీద పోయేవాళ్ళం, మధ్యాహ్నం అక్క కట్టిచ్చిన జొన్నరొట్టె విప్పితే చేతుల నూనె వాసనే ముందు తగిలేది, అయినా ఆ రుచి ఇప్పుడు కొంపల్లి హోటళ్ళలో ఎంత వెతికినా నాకు దొరకలేదు. బావది సానరాయి మిషను దగ్గర పని. పోతపోసి వచ్చిన ఇనుప ముక్కల అంచుల్ని తిరిగే రాయికి ఆనించి నునుపు చేయాలి. ఆ రాయి మీద ఇనుప మూత ఒకటి ఉండాల్సింది గానీ, పెద్ద ముక్కలకు అడ్డం వస్తోందని ఎవరో ఎప్పుడో ఊడదీసి మూలన పడేశారు. మేం దాంట్లో బీడీ ముక్కలు వేసుకునేవాళ్ళం.

దసరాకు ఆయుధపూజ చేసినప్పుడు ఎవరి మిషను దగ్గర వాళ్ళు కొబ్బరికాయ కొట్టడం మా షెడ్డు ఆనవాయితీ. మిగతావాళ్ళంతా మిషను కింది ఇనుప దిమ్మ మీద కొట్టుకునేవాళ్ళు. మా బావకు భక్తి ఒక పాలు ఎక్కువ. అన్నం పెట్టేది రాయి కదా, కాయ రాయికే కొట్టాలని ఆ ఏడు సానరాయి అంచు మీదే ఠంగుమని కొట్టాడు. కాయ కుళ్ళిపోయి ఉంది. షెడ్డంతా మొహాలు వేలాడేసుకుంది, అక్కకు చెప్పనని దారిలో నాచేత ఒట్టు కూడా వేయించుకున్నాడు.

పండుగ వెళ్ళి పని మొదలైన పొద్దున, బావ బంతిపూల దండ తీసి, రాయికి మొక్కి, ఎదురుగా నిలబడి స్విచ్చి వేశాడు. రాయి వేగం అందుకుందో లేదో, చెవులు చిల్లులుపడే చప్పుడుతో ముక్కలై ఎగిరింది. ఒక ముక్క పైరేకును చీల్చుకుని పోయింది. బావ మొహం పట్టుకుని కూలబడ్డాడు. ప్రాణం దక్కింది గానీ కుడికన్ను పోయింది. ఆ పూటంతా ఆస్పత్రి వరండాలో అక్క పక్కన కూర్చున్నాను.

అందరం కుళ్ళిన కాయనే తిట్టాం. అమ్మవారికి కోపం వచ్చిందన్నారు, బావ అదే నమ్మి ఏళ్ళ తరబడి మొక్కులు తీర్చాడు. కాయ మంచిదా కుళ్ళిందా అని చూశామే గానీ, ఆ దెబ్బకు రాయి బీటవారి ఉంటుందని ఒక్కరికీ తట్టలేదు. తరవాత నేను ఇంకో కంపెనీలో చేరినప్పుడు, రాయిని వేలాడదీసి కట్టెతో తట్టి, బీట లేదన్నట్టు ఖంగున మోగితేనే బిగించాలనీ, స్విచ్చి వేసేటప్పుడు పక్కకు తప్పుకోవాలనీ నేర్పారు. అప్పుడర్థమైంది. పోయి బావకు చెబితే, "అయితె అమ్మోరికి నా మీద కోపం లేదంటవ్" అన్నాడు, అంతే. ఆయన మొహం తేటపడింది, నాకే ఏడుపాగలేదు.

ఇగ కాలేజీ సంగతికొస్తాను. పోటీకి ముందు తనిఖీ ఉంది. మనవరాలి కంటే రెండేళ్ళు పెద్దదేమో, ఒక అమ్మాయి రోబోను గట్టి పెట్టెలో పెట్టించి చక్రం తిప్పించి చూసి, దాని వెడల్పూ నిమిషానికి తిరిగే చుట్లూ లెక్కగట్టి, అంచు వేగం హద్దు దాటింది, తగ్గిస్తేనే లోపలికి రానిస్తానంది. మనవరాలు బతిమాలింది, అలిగింది, చివరికి నా వైపు తిరిగి, "నువ్వన్న చెప్పు తాతా, గింత తేడాకు ఏమైతది?" అంది. నేను పైకప్పు వైపు చూస్తూ ఉండిపోయాను గానీ, లోపల ఆ తనిఖీ పిల్లకు దండం పెట్టుకున్నాను. వేగం తగ్గించాక రిమోట్ ఆపి చూశారు, చక్రం దానంతట అదే ఆగిపోవాలట, ఆగింది. బయట ఉన్నంతసేపు అది కదలకుండా అడ్డంగా ఇనుప చీల గుచ్చి ఉంచాలట, అదీ చూశారు.

మొదట నేను మూలన నిలబడి చూసింది వేరే పిల్లల ఆట. అందులో చక్రం పన్ను ఒకటి విరిగి ఎగిరివచ్చి పలకకు కొట్టుకుంది. సరిగ్గా అవతల ఒక ఆడపిల్ల మొహం ఉంది. నా పై ప్రాణాలు పైనే పోయాయి. ముక్క లోపలే కింద పడింది, పలక మీద తెల్లటి గీత మిగిలింది. ఆ పిల్ల గీత మీద వేలు పెట్టి చూసి నవ్వింది. చక్రం పూర్తిగా ఆగిందని చూసుకున్నాకే తలుపు తీశారు.

తరవాత మనవరాలి వంతు. నేను మూల వదిలి వచ్చి పలక ముందు, చక్రానికి ఎదురుగా నిలబడ్డాను. కాళ్ళు మళ్ళీ మూలకే లాగుతున్నా కదల్లేదు. దాని రోబో బోర్లాపడి గిలగిల కొట్టుకుని ఓడిపోయింది. పిల్ల వచ్చి నా భుజం మీద పడి ఏడ్చింది. ఓదార్చాల్సింది పోయి, తడిసిన ఆ రెండు కళ్ళనూ మార్చి మార్చి చూస్తూ నవ్వేశాను. "ఓడిపోతె నవ్వుతవేంది తాతా!" అని కోప్పడింది.

సాయంత్రం శామీర్‌పేట పోయి తనిఖీ సంగతి, గీత సంగతి అంతా చెబితే బావ ఒక్కటే అడిగాడు. "నువ్వు యాడ నిలవడ్డవ్?"

"ముంగటనే బావా."

బావ నేను ఫోనులో తీసుకొచ్చిన ఆ గీత ఫొటోను ఉన్న ఒక్క కంటికి దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూశాడు. ఆ తరవాత అక్కను పిలిచి అన్నం పెట్టమన్నాడు.

మన కాలంలో మొక్కి స్విచ్చి వేయడమే మనకు తెలిసిన జాగ్రత్త. ఇప్పటి పిల్లలు మొక్కినా మొక్కకపోయినా, ఇంతకు మించి తిరగడానికి వీల్లేదని చెప్పే మనిషి బల్ల వేసుకుని కూర్చుంటోంది, అందుకు నా గుండె నిండిపోయింది. మా షెడ్డులో మూత మూలనే ఉండేది, రోజూ చూసేవాళ్ళం. దాన్ని బిగించేదాకా పని మొదలుపెట్టనివ్వనని అడ్డం నిలబడే మనిషి ఒక్కరుండి ఉంటే, మా బావ ఆ గీతను రెండు కళ్ళతో చూసేవాడు.