రేపల్లెలో రెండుసార్లు చెప్పిన పాఠం

మా కోడలు శైలజ పిట్టలవానిపాలెం దగ్గర ఒక చిన్న బళ్లో కొత్తగా చేరిన టీచరు. నాలుగో తరగతి పిల్లలకు తన లెక్కలు ఎక్కడం లేదని చేరిన దగ్గర్నుంచీ దిగులే. ఈలోగా గుంటూరులో ఒక ఆఫీసువాళ్లు ఉద్యోగం ఇస్తామన్నారు. వస్తుందో రాదో శనివారం సాయంత్రానికి చెప్పాలి.

ఆ శనివారమే రేపల్లెలో టీచర్లు కలిసే రోజు. తెనాలి, బాపట్ల, రేపల్లె వైపు టీచర్లు కొందరు సెలవు రోజు చూసుకుని, తమంతట తామే ఏదో ఒక బళ్లో కలుస్తారు. ఒకరు పాఠం చెబితే మిగతావాళ్లు చూస్తారు. ఈసారి వంతు శైలజది. "అక్కడి పిల్లలకూ అర్థం కాకపోతే గుంటూరు వెళ్లిపోతానత్తయ్యా" అంది. చంటిబిడ్డ తల్లి కదా, బిడ్డను పట్టుకోవడానికి నేనూ బయలుదేరాను.

భావనారాయణస్వామికి మనసులోనే దణ్ణం పెట్టుకుని, ఆరున్నరకల్లా బాపట్ల స్టేషనుకి చేరాం. బస్సులో నేరుగా వెళ్లొచ్చు కానీ చంటిపిల్లలతో రైలే నయం. తెనాలిలో దిగి, వంతెనెక్కి రేపల్లె బండి పట్టుకోవాలి. ఇడ్లీ పొట్లం కట్టించుకుని, బండెక్కి కిటికీ పక్కన కూర్చున్నాం. ఎదురుగా చీరాల చీరల మూటతో ఒకావిడ.

"పొద్దున్నే ఎక్కడికి పిన్నిగారూ, చంటిదాన్నేసుకుని?"

"బడికండి."

"ఓరి నాయనో! దీనికప్పుడే బడా?" అని ఆవిడ నవ్వితే, పొద్దుట్నుంచి మాటాపలుకూ లేని శైలజ కూడా నవ్వింది. ఆవిడ చల్లగా ఉండాలి.

తొమ్మిది దాటాక రేపల్లెలో దిగి, బియ్యం మిల్లుల మీదుగా ఆటోలో బడికి వెళ్లాం. సెలవైనా పిల్లలు వచ్చేశారు. మధ్యాహ్నం పులిహోర పెడతామన్నారట. నేను బడి మొహం ఎరగను. నాకు చదువు చెప్పింది మా నాయనమ్మ, వంటింట్లో, పళ్లెంలో బియ్యం పోసి. అందుకే బిడ్డను భుజాన వేసుకుని వరండా కిటికీకి అతుక్కుపోయాను.

వాళ్ల పద్ధతి నాకు భలే నచ్చింది. వచ్చిన టీచర్లు వెనక బెంచీల్లో కూర్చోరు. ఒక్కొక్కరు ఒక్కో బిడ్డ పక్కన కూర్చుంటారు. పాఠం చెప్పే మనిషిని కాదు, ఆ బిడ్డనే చూడాలి. నోరు మాత్రం విప్పకూడదు.

శైలజ బోర్డు మీద రెండు అట్లు గీసింది. ఒకదాన్ని నాలుగు ముక్కలు చేసింది, ఇంకోదాన్ని ఎనిమిది. "నాలుగో వంతు పెద్దదా, ఎనిమిదో వంతు పెద్దదా? రాయండి" అంది. పిల్లలు పలకలెత్తారు. అన్నింటి మీదా ఒకటే జవాబు, నాలుగో వంతు అని! కోడలి మొహం వెలిగిపోయింది. నా కళ్లలో నీళ్లు తిరిగాయి.

పిల్లల్ని ఆటలకు వదిలి టీచర్లు గుండ్రంగా కూర్చున్నారు. తెనాలి నుంచి వచ్చిన మాస్టారు, రిటైరు కాబోయే పెద్దాయన, గొంతు సవరించుకున్నారు.

"అమ్మాయ్, నా పక్కన పిల్ల ముందు ఎనిమిదో వంతే రాసిందమ్మా. ఆగలేక, కాదు అని చెవిలో ఊదేశాను."

"మీరొక్కరేనా మాస్టారూ? నేను కనుబొమ్మలెగరేశాను" అంది బాపట్ల టీచరమ్మ.

"నేను పలక మీద వేలు పెట్టానండి" అని ఇంకొకరు. గొల్లున నవ్వులు. ఇన్నేళ్లు పిల్లలకు చెప్పీ చెప్పీ, తప్పు కనబడితే వీళ్ల నోరూ చెయ్యీ ఊరుకోవు మరి!

శైలజ మాత్రం నవ్వలేదు. "అంటే ఒక్కరికీ రాలేదన్నమాట" అంది. వెళ్లి పట్టుకుందామనుకున్నాను గానీ, అంతలోకే బాపట్ల టీచరమ్మ దాని చెయ్యి పట్టుకుంది.

"నా పక్కన పిల్లాడు గాల్లో వేళ్లు పెట్టి నీ బొమ్మలు కొలిచాడమ్మా. ఎనిమిది ముక్కలు పట్టాలని నువ్వు ఆ అట్టు పెద్దది గీశావు. ముక్కలు రెండూ ఒకటే సైజు వచ్చాయి. ఇక అంకె చూసి ఎనిమిదో వంతే పెద్దదని రాశాడు. వాడి తప్పేం లేదు."

శైలజ వెనక్కి తిరిగి బోర్డుకేసి చూసింది. "అయ్యో, నిజమేనండి" అంది. ఇక అందరూ తలా ఒక మాట వేసి, పులిహోర తింటూనే పాఠాన్ని మళ్లీ అల్లారు. "అందరం ఇట్టాగే గీస్తున్నామమ్మా. నీ దయవల్ల ఇవ్వాళ తెలిసింది" అన్నారు మాస్టారు. ఆ మాటలో దేవుడు కనబడ్డాడు నాకు.

మధ్యాహ్నం రెండో గుంపు పిల్లలకు మళ్లీ శైలజే అదే పాఠం చెప్పాలి. మాస్టారు జేబులోంచి పిప్పరమెంటు తీసి నోట్లో వేసుకున్నారు.

"అది కరిగేదాకానేనా నోరు కట్టేసుకునేది?" అని బాపట్ల టీచరమ్మ ఎకసెక్కం.

"నువ్వు కనుబొమ్మలకి ప్లాస్టరేసుకో ముందు" అన్నారాయన.

ఈసారి అందరికీ ఒకే కొలత కాగితాలు. పిల్లలే మడిచారు, చింపారు, ముక్క మీద ముక్క పెట్టి చూశారు. ఒక పిల్ల లేచి నిలబడి, "అట్టు ఒకటే గదా టీచర్! తినేవాళ్లు ఎక్కువైతే ముక్క చిన్నదే వచ్చిద్ది" అంది. ఎవరూ చెవిలో ఊదలేదు, కనుబొమ్మలెగరెయ్యలేదు. ఇద్దరు మాత్రం తప్పే రాశారు. పొద్దున్నైతే శైలజ దానికే కుమిలిపోయేది. ఇప్పుడు నేరుగా వాళ్ల పక్కన కూర్చున్న టీచర్ల దగ్గరికి వెళ్లి, "వాళ్లు ఎట్లా మడిచారండి?" అని ఆత్రంగా అడిగింది.

నాలుగు దాటాక తిరుగు రైలెక్కాం. భట్టిప్రోలు దాటేసరికి పొలాల మీద ఎండ మెత్తబడింది. మా నాయనమ్మ చెప్పిన చదువుకు ఇప్పటికీ రుణపడి ఉన్నాను. కానీ నాకేదైనా అర్థం కానప్పుడు ఆమెకు అడగడానికి ఎవరూ ఉండేవారు కాదు. నేర్పేవాళ్లకు కూడా ఇంతమంది తోడుంటారని ఈ వయసులో చూశాను. ఆ స్వామి దయ.

వేమూరులో బండి ఆగినప్పుడు శైలజ గుంటూరుకి ఫోను చేసింది.

"రాలేనండి. లేదండి, జీతం గురించి కాదు. సోమవారం పిల్లలతో కాగితాలు మడిపించాలి" అని పెట్టేసి, బిడ్డ కోసం చేతులు చాచింది.