మారు వడ్డన

శనివారం ఉదయం ఆరూ ఇరవైకి డేగను తూకం మీద నిలబెట్టాను. పదకొండు వందల ఇరవై గ్రాములు. ఎగరేసే రోజు వెయ్యి ఎనభైకి మించకూడదని నా స్పాన్సర్ చెప్పాడు.

డేగతో వేట నేర్చుకోవాలంటే ఇక్కడ అమెరికాలో మొదటి రెండేళ్ళు అనుభవమున్న ఒకరి కింద పనిచేయాలి. ఆయన్ని స్పాన్సర్ అంటారు. వీసా ఇప్పించిన కంపెనీ తర్వాత ఈ దేశంలో నాకు ఈయన రెండో స్పాన్సర్. రిటైరైన పోస్ట్‌మ్యాన్, నేనుండే అల్ఫారెట్టాకి గంట దూరంలో ఉంటాడు.

నా భార్య చివరి నెలల్లో ఆస్పత్రి కిటికీలోంచి ఒక డేగను చూస్తూ ఉండేది. అది పార్కింగ్ లాట్‌లో లైటు స్తంభం మీద కూర్చునేది. ఆమె పోయాక సాయంత్రాలు ఏం చేయాలో తెలియక డేగవేట లైసెన్స్ పరీక్ష రాశాను. పెరట్లో డేగ కోసం గది కట్టించాను. శీతాకాలం ముందు స్పాన్సర్, నేను కలిసి ఈ అడవి డేగను పట్టాం. పుట్టి బుద్ధెరిగాక మాంసం ముట్టనివాణ్ణి, రోజూ కౌజుపిట్టలు కోసి తూచి పెట్టేవాణ్ణి.

మా ఇళ్ళలో ఒక్కసారి వడ్డించి ఊరుకోరు. ఒక్క ముద్దయినా మారు పెట్టాలి. శుక్రవారం సాయంత్రం డేగ తన వంతు తినేసి నా చేతి వైపు చూసింది. ఇంకో ముక్క పెట్టాను. తర్వాత ఇంకోటి.

శనివారం మొదటిసారి తాడు లేకుండా వదలాలి. పొలం దగ్గర స్పాన్సర్ బరువెంత అన్నాడు. వెయ్యి డెబ్బై అన్నాను. వద్దంటాడేమోనని.

డేగ నేరుగా వెళ్ళి పైన్ చెట్టు కొమ్మ మీద కూర్చుంది. గ్లవ్ మీద మాంసం పెట్టి ఈల వేశాను. గంట గడిచింది.

"ఇప్పుడు చెప్పు, అసలు బరువెంత?" అన్నాడు స్పాన్సర్.

చెప్పాను.

"ఎందుకు పెట్టావు?"

"ఇంకా కావాలని అడిగినట్టనిపించింది."

"అది ఎప్పుడూ అడుగుతూనే ఉంటుంది. మీ ఇంటికొచ్చిన చుట్టమా అది? ఆకలేస్తేనే నీ దగ్గరికొస్తుంది. నీ మొహం చూసి రాదు." చెట్టు వైపు చూస్తూ మళ్ళీ అన్నాడు. "ముప్పై ఏళ్ళు ఉత్తరాలు పంచాను. తలుపు తీయనివాడి గుమ్మం ముందు ఇంతసేపు ఎప్పుడూ నిలబడలేదు."

చీకటి పడేదాకా ఉన్నాం. రాలేదు. దాని కాలికి కట్టిన ట్రాన్స్‌మిటర్ వల్ల ఎక్కడుందో ఫోన్‌లో తెలుస్తోంది, అంతే.

ఆదివారం ఒక్కణ్ణే చెట్టు కింద కూర్చున్నాను. ఆస్పత్రిలో నా భార్య "చాలండీ" అన్నాక కూడా ఇంకో చెంచా పెరుగన్నం పెట్టేవాణ్ణి. మింగేది. నేను ఆఫీసుకి వెళ్ళేదాకా ఓర్చుకుని, తర్వాత వాంతి చేసుకునేదని నర్సు చెప్పింది. చెప్పేటప్పటికి ఆమె లేదు.

సోమవారం పొద్దున మీటింగ్‌కి పొలం పక్కన కార్లోంచే అటెండయ్యాను. మధ్యాహ్నం డేగ కొమ్మ దిగి, నా చేతి మీద వాలింది. ఇంటికి తెచ్చి తూచాను. వెయ్యి యాభై. ఆ రోజు వంతు పెట్టాను. తినేసి నా చేతి వైపు చూసింది. డబ్బా మూత పెట్టాను.

మా ఇంట్లో ఇప్పుడు ఎవరికీ మారు వడ్డించడం లేదు.