మునీం వైపు వైపరు

ఆదిలాబాద్‌లో పత్తి జిన్నింగ్ మిల్లుకు డ్రైవరుగా ఉన్న రోజుల్లో నా చేతికిచ్చింది ఒక పాత పికప్ బండి. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక ఎక్కడో వేలంలో కొన్నారట. ముందు ఇద్దరు కూర్చునే క్యాబిన్, వెనక చెక్కల తొట్టి. ఇంజను మాత్రం బంగారం. మిగతాదంతా రోత. తలుపు తీయగానే మగ్గిన పుల్లటి వాసన ముఖాన కొట్టేది. తడిసిన పత్తిగింజల వాసన అనుకున్నాను. ఎన్నిసార్లు కడిగినా పోలేదు.

అంతకంటే రోత పుట్టించింది నా పక్కన కూర్చునే మనిషి. మిల్లు లెక్కలు చూసే మునీం, యజమాని సేటుకు స్వయానా బావమరిది. కూలీలను పనిలో పెట్టుకోవడం, తీసేయడం ఆయన ఇష్టం. తెల్లటి ధోవతి, నల్ల టోపీ, బుగ్గలో ఎప్పుడూ జర్దా పాన్. ఎండాకాలం కిటికీలోంచి ఉమ్మేవాడు. బండి ఎడమ తలుపు మీద ఎర్రటి చారలు, వాటిని కడగడానికి నేను. వానాకాలం ధోవతి తడుస్తుందని కిటికీ అద్దం ఎత్తుకునేవాడు. అప్పుడు రుమాలు నోటికి అడ్డం పెట్టుకుని ముందుకు వంగేవాడు. రుమాల్లో ఉమ్ముకుంటున్నాడనుకుని నేను ముఖం తిప్పుకునేవాణ్ణి.

ఆ బండి వైపర్లు కరెంటుతో ఆడేవి కావు. ఇంజను గాలి పీల్చుకుంటుంది కదా, ఆ పీల్పును ఒక రబ్బరు గొట్టంతో వైపర్ మోటారుకు తగిలించారు. అటువంటి వైపర్లకు ఒక గుణం ఉంది. ఎక్సిలేటరు గట్టిగా తొక్కితే మందగిస్తాయి, కాలు తీస్తే పరుగెత్తుతాయి. అది తెలిసిన డ్రైవర్లు దానికి తగ్గట్టే నడుపుకునేవాళ్లు. కానీ మా బండివి చదును రోడ్డు మీద కూడా ముసలి ఎద్దుల్లా కదిలేవి. ఏడాదికేడాది ఇంకా మందమయ్యాయి.

వానలు మొదలయ్యే ముందు మునీంతో చెప్పాను. "వైపర్లు సరిగ్గ ఆడుతలేవు సాబ్. ఒక్కరోజు బండి నిలబెడితే విప్పి చూస్త."

"వాన నాలుగు నెల్లేనాయె," అన్నాడు, బుగ్గ మార్చుకుంటూ. "గంత దానికి బండిని పండవెడ్తవా? జర మెల్లగ నడుపుకో."

ఆ వానాకాలమే నిర్మల్‌లోని మా గోదాము మీద రేకులు బాగుచేస్తూ ఒక హమాలి జారి కింద పడ్డాడు. బస్తాలు మోసి మోసి భుజాలు గట్టిపడ్డ మనిషి. మోకాలి కింద ఎముక విరిగి తోలు చీల్చుకుని బయటికొచ్చింది. అక్కడి డాక్టరు రెండు బద్దలు పెట్టి కట్టి, ఆలస్యం చేయకుండా ఆదిలాబాద్ పెద్ద దవాఖానకు తీసుకుపొమ్మన్నాడు. కాలు మడిచే వీల్లేదు కనుక అతన్ని వెనక తొట్టిలో పడుకోబెట్టి మీద టార్పాలిన్ కప్పాం. భార్య అతని తల ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. మునీం క్యాబిన్‌లో కూర్చుని కొత్త పాన్ విప్పాడు.

నిర్మల్ దాటి కొండెక్కే ఘాటు రోడ్డు మొదలయ్యేసరికి వాన దంచింది. మధ్యాహ్నమే అయినా అడవి నల్లబడింది. ఎక్కుడు కదా, ఎక్సిలేటరు తొక్కక తప్పదు. తొక్కితే వైపర్లు ఆగిపోయాయి. కాలు తీస్తే సగం దాకా పాకి అక్కడే వణికాయి. ఇంతలో బండి వెనక్కి జారబోయేది. ఎడమ వైపరైతే పూర్తిగా బిగుసుకుని అద్దం నడుమ కర్రలా నిలబడింది. ఎదురుగా బరువు బండ్లు దిగుతున్నాయో, లోయే ఉందో కనిపించదు.

బండి ఆపి దిగాను. బీడీలు చింపి, లోపలి పొగాకుతో అద్దం రుద్దాను. అలా రుద్దితే నీళ్లు బొట్లుగా నిలవకుండా జారిపోతాయి. ఒక మలుపు దాటేదాకా పనిచేసింది. మళ్లీ ఆపి మళ్లీ రుద్దాను. బీడీలు అయిపోయాయి. ఆఖరికి వాన తగ్గేదాకా కొండవారన ఆగాల్సి వచ్చింది. వెనకనుంచి హమాలి మూలుగు, దాని మీద అతని భార్య గొంతు.

"డ్రైవరన్నా, జర పోనియ్యే. మనిషి సల్లవడుతుండు."

"కనవడ్తలేదమ్మా. పోతె అందరం లోయల పడ్తం."

మునీం రుమాలు అడ్డం పెట్టుకుని ముందుకు వంగి లేచాడు. "ఏం డ్రైవర్‌వయ్యా నువ్వు? ఇంటికాడ సుట్టాలొచ్చిండ్రు నాకు. గిట్ల కూసుంటె ఎట్ల?"

దవాఖానకు చేరేసరికి సాయంత్రం అయింది. పుండులో మట్టి, వాన నీళ్లు. డాక్టరు కట్టు విప్పి ముఖం చిట్లించాడు. "ఇంతసేపు ఏం చేసిండ్రు మీరు?"

నేను నోరు తెరిచేలోగా మునీం అందుకున్నాడు. "ఘాటు మీద డ్రైవర్ భయపడ్డడు సాబ్. నేను ఎంత చెప్పినా ఇనలే."

హమాలి భార్య నా వైపు చూసిన చూపు ఇంకా గుర్తుంది. కాలు తీసేయకుండా డాక్టర్లు కాపాడారు గానీ, చీము పట్టి ఎముక వంకరగా అతికింది.

మర్నాడు ఎవరినీ అడగకుండా బండిని షెడ్డులో పెట్టి బానెట్ ఎత్తాను. ముందు రెండు వైపర్లను అద్దం మీదినుంచి ఎత్తి పట్టి చూశాను. గాల్లోనూ అంతే మందంగా కదిలాయి. అంటే తప్పు రబ్బరు పట్టీలది కాదు. ఇంజను నడుపుతూ గొట్టం ఊడదీసి బొటనవేలు పెడితే, ఇంజను దగ్గర వేలిని గట్టిగా పీల్చుకుంది. అదే గొట్టం రెండో కొస దగ్గర, మోటారు వైపు, ముద్దు పెట్టినట్టు తాకింది, అంతే. నడుమ ఎక్కడో గాలి పోతోంది. చేత్తో తడుముకుంటూ వెళితే దొరికింది. ఎవడో గొట్టం తెగిన చోట సైకిల్ ట్యూబు ముక్క చుట్టి సుతిలి కట్టాడు. అది పగుళ్లిచ్చి బీటలు వారింది. అతుకు బండితో ఎన్నాళ్లు ఊరేగామో అని ఒళ్లు మండింది. కొత్త గొట్టం తెచ్చి వేశాను.

కాస్త మెరుగైంది గానీ, ఇంకా ఈడుస్తూనే ఉన్నాయి. ఈసారి వైపర్లను ఆడించే కడ్డీలను మోటారు నుంచి విప్పేశాను. ఒంటరి మోటారు టకటకా ఆడింది. అయితే బిగువంతా కడ్డీల్లోనే. కుడి పక్క కడ్డీని వేలితో కదిపితే తేలిగ్గా కదిలింది. ఎడమ పక్కది రెండు చేతులతో లాగితే గానీ కదల్లేదు.

మునీం కూర్చునే వైపు డ్యాష్‌బోర్డులో, అద్దానికి కాస్త కింద, గడియారం ఉండాల్సిన చోట ఒక గుండ్రటి కంత ఉంది. గడియారం మేం కొనకముందే ఎవరో పీక్కుపోయారు. ఆ కంతలోంచి దీపం పెట్టి చూశాను. ఏమీ అర్థం కాలేదు. చేయి పెట్టాను. మెత్తగా, జిగటగా ఏదో వేళ్లకు అంటుకుంది. బయటికి తీసి చూస్తే వేళ్లు ఎర్రగా ఉన్నాయి. గాయం అయిందనుకున్నాను ముందు. తరవాత వాసన వచ్చింది. ఆ క్యాబిన్‌లో ఇన్నాళ్లూ నేను పీల్చిన వాసన, చిక్కగా.

డ్యాష్‌బోర్డు రేకు మొత్తం విప్పాను. వైపరు కడ్డీ మీద, దాని కీలు మీద తలకాయంత గడ్డ. పాన్ ఉమ్ము, వానాకాలం మీద వానాకాలం. కింద పొరలు సున్నం, కాచు పట్టి రాయిలా గట్టిపడ్డాయి. పైపొర పచ్చిగా కారుతోంది. దానికి మిల్లు గాలిలోని పత్తి నూగు అంటుకుని బూజులా వేలాడుతోంది. గడ్డ నిండా బొద్దింకలు. దీపం వెలుగుకు కొన్ని నా మోచేతి మీదికి పాకాయి. షెడ్డు వెనక్కి పరుగెత్తి, తిన్నదంతా కక్కాను.

మూతికి తువాలు కట్టుకుని మళ్లీ వచ్చాను. వేడినీళ్లు, కిరసనాయిలు పోసి, చెక్కలు గీకే కత్తితో గీకాను. పొర ఊడిన కొద్దీ లోపల ఇంకో పొర. కీలు బయటపడేసరికి పొద్దు నడినెత్తికొచ్చింది. నూనె వేసి కడ్డీలు బిగించి ఇంజను నడిపితే రెండు వైపర్లూ ఎంత చురుగ్గా ఆడాయో! సంతోషం కలగాల్సింది. ఏడుపొచ్చింది. ఘాటు మీద ఆగిన ప్రతి నిమిషం ఆ గడ్డలో ఉంది.

గడ్డను గోనెసంచి ముక్క మీద పెట్టి, మునీం మిల్లుకు రాగానే చూపించాను.

"గిదేంది?" అన్నాడు వంగి చూస్తూ.

"మీదే సాబ్. గా కంతల కెల్లి తీసిన. వైపర్లను గిదే పట్టింది."

ఆయన సిగ్గుపడతాడనుకున్నాను. నవ్వాడు. "అరె! రోడ్డు మీద పడ్తది అనుకున్న గద."

"గా హమాలి కాలు గిందుకే వంకరవోయింది."

నవ్వు ఆగింది. "ఉల్టా మాట్లాడకు. రేకుల మీదికెల్లి పడుమని నేను చెప్పిన్నా? సాఫ్ చేసినవు గద, ఇగ ఫికరేంది? ఊడ్చే ముసల్దాన్ని పిలువు, ఎత్తి పారేస్తది."

ముసలమ్మను పిలవలేదు. నేనే తీసుకెళ్లి గుంత తవ్వి పూడ్చాను. సేటుకు చెబితే ఆయన తల పంకించి, "ఇంటి మనిషి నోరు కట్టేస్తనా? కంతకు రేకు కొట్టు," అన్నాడు. రేకు కొట్టాను.

దవాఖానకు వెళ్లి హమాలికి, అతని భార్యకు ఉన్నదున్నట్టు చెప్పాను. ఆమె, "వాని నోట్లె మన్నువడ," అని గోడవైపు తిరిగింది. అతను మాత్రం వైపర్ల గురించే అడిగాడు.

"గిప్పుడు సక్కగ ఆడుతున్నయా అన్నా?"

"ఆడుతున్నయి."

"గట్లనే ఉండాలె. రేపు ఇంకోన్ని తేవాల్సి వస్తది," అన్నాడు.

కర్ర పట్టుకుని నడవగలిగాక అతను పనికి వచ్చాడు. కుంటోడు బస్తా మోస్తాడా అని మునీం గేటు దగ్గరనుంచే పంపేశాడు. ఆ మాట అంటున్నప్పుడు కూడా ఆయన నోట్లోంచి ఎర్రటి తుంపర్లు పడుతూనే ఉన్నాయి. ఆ సాయంత్రమే తాళంచెవి సేటు బల్ల మీద పెట్టి మందమర్రి పోయాను. అక్కడి గనుల్లో బొగ్గు లారీ నడిపే పని దొరికింది. దుమ్ము నల్లగా ఉండేది, కడిగితే పోయేది.

తరవాత ఒకసారి ఆదిలాబాద్ వచ్చినప్పుడు బస్టాండు పక్కన ఆ ఆలుమగలు చాయ్ అమ్ముతూ కనిపించారు. అతను వంకర కాలిని బల్లకు ఆనించి చాయ్ వడగడుతున్నాడు. మునీం ఎప్పుడైనా వస్తాడా అని అడిగాను.

"అస్తడు. చాయ్ మంచిగుంటది మన తాన," అన్నాడు.

"పోస్తవా మరి?"

"బేరం గదన్నా, పొయ్యకేం చేస్త?" అని, పెళ్లాం వైపు చూసి గొంతు తగ్గించాడు. "గని ఆయన గలాస వేరే. గాడ బల్ల కింద పెట్టింది ఈమె. వేరేటోళ్లకు దాంట్ల పొయ్యనియ్యది."