పుడ్డింగులో పసుపు ముక్కలు

నాది పుట్టు అనుమానం. కూరగాయలవాడు నవ్వుతూ కొసరు వేశాడంటే అడుగున పుచ్చులు పెట్టే ఉంటాడని సంచి కుమ్మరించి చూసుకునే రకం. అలాంటిదాన్ని తీసుకెళ్లి మా ఆయన గల్ఫులో ఫుజైరా అనే ఊళ్లో ముక్కూ మొహం తెలియని మనిషితో ఒకే వంటగదిలో పడేశాడు. ఎనభైల మొదట్లో మాట. ఆయనకు క్వారీలో పని. తెల్లారకముందే బండి వచ్చి ఎక్కించుకుపోతే మళ్లీ పొద్దుగూకాకే రావడం. రెండు గదుల ఇంట్లో మాకొక గది. రెండో గదిలో కడప వైపు నుంచి వచ్చిన ముస్లిం దంపతులు. ఆవిడ భర్తకు ఓడరేవులో ఉద్యోగం. పగలంతా ఇంట్లో ఆవిడా నేనే.

ఆవిణ్ణి అక్కా అనేదాన్ని. పెళ్లయి చాలా ఏళ్లయినా ఆవిడకు పిల్లల్లేరు. నేనేమో నెల్లూరులో ఉండగా ఒకసారి కడుపు నిలబడక పోగొట్టుకుని, మనసంతా పుండు చేసుకుని వచ్చినదాన్ని. ఫుజైరా వచ్చిన కొన్నాళ్లకే మళ్లీ నెల తప్పింది. ఆ సంగతి మా ఆయనకంటే ముందు ఆవిడే కనిపెట్టింది. పోపు వాసనకు నేను ముక్కు మూసుకోవడం చూసి, "ఏమ్మే, విశేషమా?" అని నా పొట్ట మీద చెయ్యి వేసింది.

ఆ చెయ్యి పడ్డప్పట్నుంచీ నాకు భయం పట్టుకుంది. ఈ బిడ్డ కూడా దక్కకపోతే నేను బతకనని గట్టిగా అనుకున్నాను. పిల్లల్లేని వాళ్ల కన్ను మంచిది కాదని మా అమ్మ చిన్నప్పట్నుంచీ నూరిపోసిన మాట ఎక్కడికి పోతుంది? "ఎంత కళగా ఉండావు మే" అని ఆవిడ అన్న ప్రతిసారీ గది తలుపేసుకుని ఉప్పూ ఎండుమిరపకాయలూ తిప్పి దిష్టి తీసుకునేదాన్ని. ఆవిడ పాలు కాచి ఇస్తే, చల్లారాక తాగుతానని చెప్పి, ఆవిడ అటు తిరగ్గానే సింకులో పారబోసేదాన్ని. నన్ను అంత బాగా చూసుకోవాల్సిన అవసరం ఆవిడకేమిటని నా అనుమానం.

వేవిళ్లు ముదిరి అన్నం చూస్తేనే డోకు వచ్చేది. ఒక శుక్రవారం, అక్కడ పనులకు సెలవు రోజు, పొద్దున ఆవిడ, "అన్నం సయించకుంటే పండ్ల పుడ్డింగు చేసి పెడతా, మెత్తగా లోపలికి దిగుతాది," అంది. ఆవిడ అంతకుముందు దుబాయ్‌లో ఇంగ్లీషు వాళ్లింట్లో పిల్లల్ని చూసుకునేదట. వాళ్లు తమ దేశం వెళ్లిపోతూ ఓవెన్ ఉన్న గ్యాస్ పొయ్యి ఈవిడకు ఇచ్చిపోయారు. ఈ పుడ్డింగు కూడా ఆ ఇంట్లో నేర్చుకున్నదే.

నేను వంటగదిలో స్టూలు వేసుకుని కూర్చున్నాను. సాయానికి వచ్చానని ఆవిడ అనుకుంది. వచ్చింది కాపలాకని నాకు తెలుసు. ఆవిడ రొట్టె ముక్కల అంచులు కోసేసి, రెండు వైపులా వెన్న రాసి, గాజు గిన్నెలో పేర్చింది. గోరువెచ్చని పాలల్లో గుడ్లు కొట్టి, చక్కెర వేసి, నాలుగు యాలకులు దంచి కలిపి గిలక్కొట్టింది. అంతవరకూ నా కళ్లెదుటే జరిగింది. తర్వాత అలమారలోంచి పండ్ల టిన్ను బయటికి తీసి, "ఇంక నువ్వు పోయి పండుకో. గుడ్డు వాసనకు నీకు కడుపులో తిప్పుతాది," అంది.

గుడ్లు కొట్టినప్పుడు రాని వాసన టిన్ను తీసేటప్పుడు ఎందుకొస్తుంది? లేచి గదిలోకి వెళ్లాను గానీ చెవులు వంటగదిలోనే పెట్టాను. టిన్ను కోసిన చప్పుడు వినిపించింది. ఆ తర్వాత చాలాసేపు ఏ చప్పుడూ లేదు. టిన్ను ఒంపడానికి అంతసేపు పడుతుందా?

పుడ్డింగు కాలుతుంటే వెన్నా చక్కెరా వాసన ఇల్లంతా పట్టేసింది. ఎన్నాళ్లకో నోట్లో నీళ్లూరాయి. దాంతో నా మీద నాకే ఒళ్లు మండింది. ఆవిడ స్నానానికి వెళ్లిన సందు చూసుకుని వంటగదిలో చెత్తబుట్ట మూత తీశాను. టిన్ను పైనే ఉంది. దాని మీద పండ్ల బొమ్మలు. ద్రాక్ష గుర్తుపట్టాను. ఎర్రటి చిన్న పండు ఒకటి, పసుపువి రెండు మూడు, వాటి పేర్లు తెలియవు. మూలన మాత్రం నెత్తిన ఆకుల కుచ్చు పెట్టుకుని అనాసపండు.

బొప్పాయి, అనాస. కడుపుతో ఉన్నవాళ్లు తింటే కడుపు పోతుందని మా వైపు ఎవర్నడిగినా చెప్తారు. కడప వైపు వేరేగా చెప్తారా? ఆవిడకు తెలియకపోదు. తెలిసే వేసింది. నన్ను పంపించింది అందుకేనన్నమాట.

మధ్యాహ్నం ఆవిడ రెండు ప్లేట్లలో పుడ్డింగు తెచ్చి నాకూ మా ఆయనకూ పెట్టి, గుమ్మంలో నిలబడింది. నేను తినేదాకా కదిలేట్టు లేదు. వేడిగా ఉంది, కాసేపాగి తింటానన్నాను. ఆవిడ వెళ్లగానే తలుపు దగ్గరికేసి మా ఆయన ప్లేటు లాక్కుని చెంచాతో కెలకడం మొదలుపెట్టాను. పసుపుగా కనిపించిన ప్రతి ముక్కా నాకు అనాసలాగే ఉంది. ఒకటి తీసి ఆయన నోట్లో పెట్టి, "ఇది అనాసేనా?" అన్నాను.

"ఏమో. తియ్యగా ఉండాది."

ఇంకోటి పెట్టాను. "ఇది?"

"అన్నీ పాకం మాదిరే ఉన్నాయి. ఏందే నీ గోల, నన్ను తిననీ."

ఆయన నవ్వుతుంటే నాకు ఏడుపొచ్చింది. అప్పుడే తలుపు తోసుకుని ఆవిడ వచ్చింది. కెలికిన ప్లేటూ, ముట్టని నా ప్లేటూ చూసి, "బాగలేదా మే?" అంది.

ఇంక దాచుకోలేకపోయాను. "ఇందులో అనాస వేశావా అక్కా?" అని మొహం మీదే అడిగేశాను.

ఆవిడకు కోపం రాలేదు. "టిన్నులో అది ఉంటాదని నాకు తెల్దా? ఒగొగ ముక్కా ఏరేసినా. రసం గూడా వంపేసి, మిగిలిన పండ్లు నీళ్లలో కడిగినా," అంది.

"మరి నన్నెందుకు పంపించేశావు?"

"టిన్ను మీద బొమ్మ చూస్తే బెదురుకుంటావని. అట్లా చూసినాక నేనేం చెప్పినా నువ్వు తింటావా?"

అప్పటికైనా నేను ఊరుకోవాలి కదా. ఊరుకోలేదు. "ఏరిన ముక్కలేవి? చెత్తబుట్టలో లేవే," అన్నాను.

"పారేయబుద్ధి కాలే. నేనే తినేసినా," అంది ఆవిడ, చేతులు కొంగుకు తుడుచుకుంటూ. "నేను తింటే ఏమి మే? నా కడుపులో ఏముంది పోయేదానికి?"

మామూలుగానే అంది. మా ఆయన నవ్వు ఆపేసి తల దించుకున్నాడు. నేను నా ప్లేటు దగ్గరికి లాక్కుని, ఒక పసుపు ముక్కను చెంచాలోకి తీసుకుని, ఆవిడ చూస్తుండగానే నోట్లో పెట్టుకున్నాను.