ఎవరూ తొడగని జోడు

కలకత్తా వాట్‌గంజ్‌లోని మా ఇంట్లో చెప్పులు గుమ్మం బయటే ఉండాలి. నా బూట్లు మాత్రం లోపల బీరువాలో, అమ్మ పట్టుచీరల పక్కన ఉండేవి. మొత్తం పదకొండు జతలు, అన్నీ బాస్కెట్‌బాల్ బూట్లే. నేను బాస్కెట్‌బాల్ ఆడను. సాల్ట్ లేక్‌లో ఒక ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చుంటాను. నేను ఎగిరి అందుకున్న ఎత్తైన వస్తువు బస్సులో పట్టుకునే కమ్మీ.

నాన్న ముప్పయ్యేళ్లు రేవులో పనిచేశాడు, రబ్బరు చెప్పులతోనే. ఆదివారాలు ఆయనకు పాఠం చెప్పేవాణ్ణి. మొదట ఇవి చీలమండ దాకా వచ్చే గుడ్డబూట్లనీ, తోలు తర్వాత వచ్చిందనీ, ఒక ఆటగాడి ఎరుపు నలుపు జోడును లీగువాళ్లు వద్దన్నారన్న కథ పుట్టాక జనం వాటికోసం ఎగబడ్డారనీ చెప్పాను. నాన్న అంతా శ్రద్ధగా విన్నాడు.

"ఆ ఆడీవోడు ఏసుకునీవోడా, పెట్టిలో ఎట్టీసీవోడా?"

వేసుకునే ఆడేవాడన్నాను.

ఆ పదకొండింటిలో నా ప్రాణం ఒక నల్లజోడు. మడమ దగ్గర చిన్న కిటికీ, అందులోంచి గాలిబుడగ కనిపిస్తుంది. మొదటి ఉద్యోగం దొరికినప్పుడు న్యూ టౌన్‌లో బూట్లు సేకరించే ఒకతని దగ్గర కొన్నాను. అప్పటికే దాని వయసు చాలా ఎక్కువ, అయినా ఒక్కసారి కూడా ఎవరూ తొడగలేదు. మా లోకంలో అదే దాని గొప్ప. నాన్నకు ఆ కిటికీ తెగ నచ్చింది. మా ఇద్దరి పాదాలూ ఒకే సైజు.

"ఓపాలి ఏసుకుని సూత్తాన్రా. మంచం మీదే, కింద కాలెట్టను."

"వద్దు నాన్నా, కాలేళ్ల దగ్గర మడత పడిపోద్ది. ఇంక దానికి ఇలువుండదు."

నాన్న తన పాదం ఎత్తి చూపించి, "దీనికి పడినన్ని పడవులే" అని నవ్వాడు. నేనూ నవ్వి పెట్టె మూత పెట్టేశాను. జోకు బాగుంది కాబట్టి విషయం ముగిసిందనుకున్నాను. నాకు ఆ జబ్బు ఉంది.

నాన్న ఒక మంగళవారం సాయంత్రం టీ తాగుతూ పోయాడు. సగం కప్పు మిగిల్చాడు. దేన్నీ మిగల్చడం ఆయనకు అలవాటు లేదు.

ఎనిమిదో రోజున పంతులుగారు దానాల జాబితా చెప్పారు. గొడుగు, చెంబు, దుప్పటి, చెప్పులు. పోయినవాళ్లు నడిచే దారిలో ముళ్లు ఉంటాయట, ఇక్కడ ఇచ్చిన చెప్పులు అక్కడ వాళ్ల కాళ్లకు అందుతాయట. ఇలాంటివి నేను నమ్మను. బూట్లయినా పరవాలేదా అని మాత్రం అడిగాను. ఆయన ఏవైనా పరవాలేదు గానీ కొత్తవి కావాలి, ఎవరూ తొడిగి ఉండకూడదు అన్నారు. కలకత్తా మొత్తంలో ఆ అర్హత నాకున్నంతగా ఇంకెవరికీ ఉండదు.

బీరువా తెరిచి పెట్టె దించాను. ఎడమ బూటు చేతిలోకి తీసుకోగానే అడుగు మడమ దగ్గర విడిపోయి, నిన్నటి సందేశ్ మిఠాయిలా పొడిపొడిగా చాప మీద రాలింది. కుడిది కూడా అంతే. వీటి అడుగులోని నురుగు పొర తేమకు లోపల్లోపలే చెడిపోతుంది. తొడుక్కుని నడుస్తుంటే ఇంకొంతకాలం నిలుస్తుంది, దాచిపెడితే ముందే పోతుంది. బూట్లు సేకరించే ప్రతివాడికీ ఈ సంగతి తెలుసు. నాకూ తెలుసు. అయినా గంగ ఒడ్డున ఉన్న ఇంట్లో తేమను ఆపడానికి పెట్టెలో రెండు సిలికా పొట్లాలు వేసి ధైర్యంగా ఉన్నాను.

అమ్మ చీపురు తెచ్చింది. ఊడవకుండా అలాగే నిలబడింది.

"నువ్వు ఆపీసుకెళ్లాక మీ నాన్న ఆ పెట్టి ఇప్పి సూసీవోడు. ఆ కిటికీ మీద ఏలెట్టీవోడు. మళ్లీ మూసీసీవోడు."

"ఏసుకున్నాడా అమ్మా?"

"నువ్వొద్దన్నావు కదా."

బూట్ల పెట్టె లోపలి కాగితం మడత అప్పుడప్పుడు మారి ఉండేది. బొద్దింకల పని అనుకుని మందు కూడా చల్లాను. ఆ రోజు మాత్రం నాకు జోకేమీ దొరకలేదు. చీపురు అందుకుని నేనే ఊడ్చాను.

మర్నాడు ఖిదిర్‌పూర్‌లో చెప్పుల దుకాణానికి వెళ్లాను. అప్పటికింకా గుండు చేయించుకోలేదు కాబట్టి దుకాణం దాదాకు, ఇక్కడ అన్నను అలాగే పిలుస్తాం, అనుమానం రాలేదు. ఎవరికి అని అడిగితే, నాన్నకు అన్నాను. నీలం పట్టీల రబ్బరు చెప్పులు తీసి, పెద్దాయన్నే తీసుకొస్తే కాళ్లకు పెట్టి చూసేవాళ్లం కదా అన్నాడు. రావడం కుదరదని చెప్పాను.

పొట్లం కడుతూ దాదా జాగ్రత్త చెప్పాడు. ముందు ఇంట్లోనే వేసి చూడమను, సరిపోకపోతే వారంలోపు తెచ్చి మార్చుకో, కానీ బయట నడిస్తే మాత్రం వెనక్కి తీసుకోను, మీ నాన్నకు గట్టిగా చెప్పు అన్నాడు.

"ఈసారి చెప్పను దాదా," అన్నాను. "నడవనీ."