మంజుశ్రీ వేసిన ఆరు

గోడ మీద బల్లి అరిచినా "నేను కాదు సార్" అనే రకం మంజుశ్రీ. సిరుగుప్ప బస్సులో డ్రైవరు హారన్ కొడితే సీట్లోంచి లేచి నిలబడుతుందట. భయమేస్తే చున్నీ కొసను వేలికి చుట్టి, వేలు తెల్లబడేదాకా బిగిస్తుంది. అలాంటి పిల్లకు బళ్లారి గాంధీనగర్‌లో మార్కులు వేసే ఉద్యోగం దొరికింది. మనసు బాగాలేనివాళ్లతో కౌన్సిలర్లు మాట్లాడిన వీడియోలు చూసి, ఎదుటి మనిషి బాధ కౌన్సిలర్‌కు ఎంత అర్థమైందో ఏడుకు మార్కులు వేయాలి. ట్రైనింగులో ఉన్న నలుగురి మార్కులూ దగ్గరగా రావాలి. చివరి రోజు ఎవరివి కలవకపోతే వాళ్లు ఇంటికే. అందుకని మంజుశ్రీ ప్రతిదానికీ నాలుగే వేసేది. మధ్యలో ఉంటే ఎవరూ తిట్టరని ఆమె ధైర్యం.

చివరి రోజు వీడియోలో కౌన్సిలర్ ముప్పైరెండు పళ్లూ చూపిస్తూ "ఏం కాదమ్మా, ధైర్యంగా ఉండు" అంటున్నాడు. ముఖం మసక చేసిన ఆడమనిషి "ఊఁ సార్" అంటూ చెంగు కొసను వేలికి చుట్టి బిగిస్తోంది. కౌన్సిలర్ అటు చూడనేలేదు. మంజుశ్రీ తన చున్నీ కొస వైపు చూసుకుంది. మొదటిసారి నాలుగు వదిలేసి, రెండు వేసింది.

పక్కనున్న హనుమేష్ తొంగిచూశాడు. "ఏంది మంజూ, రెండా? మేమంతా ఆరు వేసినాం. నీకు ఉద్యోగం బేడవా, వద్దా?"

ఆమె రెండు కొట్టేసి ఆరు వేసింది.

ట్రైనింగ్ ఇచ్చే ప్రవీణ్‌కుమార్ కాగితాలు చూసి ఎగిరి గంతేసినంత పని చేశాడు. "నలుగురిదీ ఒకే మార్కు! మంజుశ్రీ, నువ్వూ పాసైనావమ్మా. ఇంక భయం పోయింది కదా?"

"ఊఁ సార్" అంది మంజుశ్రీ. చున్నీ బిగిసిన వేలు తెల్లగా పాలిపోయి ఉంది. ఆయన నవ్వుతూనే ఉన్నాడు.