పెట్టుకోదు కాదు, పెట్టుకోను

ఆపరేషనుకు ముందురోజు నర్సమ్మ నా ముక్కుపుడక తీయించింది. ఐదేళ్ళ వయసులో కుట్టించిన పుడక. పద్నాలుగేళ్ళుగా దాన్ని కదిపినవాళ్ళు లేరు. మర బిగుసుకుపోయి, సబ్బునీళ్ళు రాసి అరగంట తిప్పితే గానీ ఊడలేదు. అమ్మ దాన్ని కాగితంలో చుట్టి కొంగున ముడేసుకుంది.

"మీ మామ్మకి ఏటని సెప్పాలే?" అంది. మర్నాడు నా ముక్కులో ఉలి పెట్టబోతున్నారన్న దిగులు కన్నా ఆ దిగులే ఎక్కువగా ఉంది ఆమెకి.

మామ్మ అంటే మా నాన్న తల్లి. కోటబొమ్మాళి దగ్గర మా ఊళ్ళో, మా ఇంట్లో ఆవిడ మాటే మాట.

నాకు ఏడేళ్ళప్పుడు గడ్డిబండి మీంచి బోర్లా పడ్డాను. పైకి ముక్కు బాగానే ఉంది. లోపలి గోడ మాత్రం ఒక పక్కకి ఒరిగిపోయింది. అప్పట్నించీ ఏడాది పొడుగునా దిబ్బడే. ముక్కు దిబ్బడేసినవాళ్ళకి 'మ' పలకదు, 'న' పలకదు. అమ్మని పిలిస్తే "అబ్బ" అని వచ్చేది. అది నవ్వులాటలో పోయేది. పోనిది 'ను'. నేను "రాను" అంటే బయటికి "రాదు" అని వచ్చేది. "చెయ్యను" అంటే "చెయ్యదు". "తినను" అన్న మాటైతే "తిదదు" అయ్యేది, అది ఏ భాషో నాకే తెలిసేది కాదు. నేను వద్దన్న ప్రతిదీ ఇంకెవర్తో వద్దన్నట్టు వినిపించేది.

"ఎవుర్తే రాదు? మన గేదా?" అనేది మామ్మ. ఇల్లంతా నవ్వేది. ఆ నవ్వులో నన్ను లాక్కుపోయేవారు, పెళ్ళికైనా పేరంటానికైనా.

అందుకని మాట్లాడడం మానేశాను. సిగ్గుపిల్ల అన్నారు. అది సగమే నిజం. మిగతా సగం ఒరిగిపోయిన ఎముక. పాత నోటు పుస్తకాల్లో మిగిలిన కాగితాలు కుట్టుకుని, అనలేనివన్నీ అందులో రాసుకునేదాన్ని. చదివే పుస్తకాలూ ఆ కట్ట కిందే దాచేదాన్ని.

ఆపరేషను విశాఖలో. మత్తుమందులో తడిపిన దూది ముక్కులో కుక్కారు గానీ మనిషికి తెలివి ఉంది. మొదలుపెట్టే ముందు డాక్టరు వంగి, "భయంగా ఉందా? చెయ్యమంటావా, ఇంకో రోజు చూద్దామా?" అని అడిగారు. తల ఊపాను. తర్వాత సుత్తి దెబ్బ చెవులకి కాదు, పుర్రె లోపల వినిపించింది. నాకు గుర్తుండిపోయింది మాత్రం సుత్తి కాదు, ఆ ప్రశ్న. ఐదేళ్ళప్పుడు ముక్కు కుట్టించిన రోజు ఒకరు చేతులు పట్టుకున్నారు, ఒకరు కాళ్ళు పట్టుకున్నారు. నా ముక్కు గురించి నన్ను అడిగిన మొదటి మనిషి ఆయనే.

మూడోనాడు ముక్కులో కుక్కిన గుడ్డ తీశారు. గారడీవాడు నోట్లోంచి తీసే రంగుకాగితంలా ఎంత లాగినా వస్తూనే ఉంది. నెల్లాళ్ళు చీదకూడదన్నారు. తుమ్మొస్తే నోరు తెరిచి తుమ్మాలి. ముక్కులో వేలు గానీ పుల్ల గానీ పెట్టకూడదు. అమ్మ అన్నింటికీ తలూపింది.

ఆ వేళ ఆసుపత్రి వరండాలో అద్దం ముందు చాలాసేపు నిలబడ్డాను. వాచిన ముక్కు, కళ్ళ కింద నలుపు. పుడక లేదు. అందంగా ఉన్నానని అనను. కానీ ఎవరూ ఏమీ తగిలించని మొహం అది. నాదే అనిపించింది.

పాసింజరు దిగి ఇంటికి చేరగానే మామ్మ ఆపరేషను ఎలా అయిందని అడగలేదు.

"ఓలమ్మ, బోడిముక్కేసుకొని వచ్చీసిందే!" అంది. చీపురుపుల్ల ఒకటి విరిచి, కొన గీకి, పసుపు కలిపిన నూనెలో ముంచింది. "ఇలా రా. పుల్లెట్టకపోతే వారానికి కన్నం పూడిపోతాది."

"అత్తా, డాక్టరు గారు పుల్ల పెట్టొద్దన్నారు" అంది అమ్మ.

"డాక్టరు లోపల సూసుకుంటాడు. బయట నాను సూసుకుంటాను."

నేను వెనక్కి జరిగి "పెట్టుకోను" అన్నాను. వాపు ఇంకా తగ్గలేదు. "పెట్టుకోదు" అని వచ్చింది.

"ఎవుర్తే పెట్టుకోదు? మీ అమ్మా?"

నాన్న కూడా నవ్వారు. ఆ నవ్వులోనే పుల్ల దూరిపోయింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

పశువులసాల వెనక్కి వెళ్ళి పీకేశాను. పారెయ్యలేదు. నా కాగితాల మధ్య పెట్టి, పక్కన 'పెట్టుకోను' అని రాశాను. మర్నాడు మామ్మ ఇంకోటి పెట్టింది. అదీ పీకాను, అదీ కాగితాల్లోకి వెళ్ళింది. ఐదు పుల్లలయ్యాయి. ఐదుసార్లు రాశాను. కాగితం మీద నా 'ను'కి దిబ్బడ లేదు.

ఆరోనాడు పెట్టబోతే మొహం తిప్పేసుకున్నాను. "సిగ్గుపిల్లకి ఎంత మంకే!" అని మామ్మ పుల్ల విసిరికొట్టింది. "పూడిపోనీ. ఔసలాయనకి కబురెట్టి మళ్ళీ కుట్టిత్తాను."

రెండు వారాలు దాటాక, ఒక పొద్దున్న భావనపాడు నుంచి ఎండుచేపల గంప వీధిలోకి వచ్చింది. నేను గదిలో ఉన్నాను. అరుపు వినబడక ముందే వాసన వచ్చింది. పన్నెండేళ్ళలో ఏ వాసనా నాకు అంత బాగా తెలియలేదు. చేతి అద్దం తీసి ముక్కు కింద పెట్టుకున్నాను. ఇదివరకు ఒకవైపే, అదీ చిన్న మచ్చలా ఆవిరి పట్టేది. ఇప్పుడు రెండు మచ్చలు, పక్కపక్కనే. తలుపు మూసుకుని మెల్లగా 'న' అన్నాను. 'మ' అన్నాను. ఎవరికీ చెప్పలేదు.

ఆ మధ్యాహ్నమే ఔసలాయన వచ్చాడు. మా ఊరి కంసాలి ఆయన, నా ముక్కు మొదటిసారి కుట్టిందీ ఆయనే. వసారాలో దీపం పెట్టి సూది కాల్చాడు. అమ్మ కొంగుముడి విప్పి పుడక మామ్మ చేతిలో పెట్టింది. నాన్న స్తంభానికి ఆనుకుని నిలబడ్డారు.

"రాయే, కూకో" అంది మామ్మ.

నేను కూర్చోలేదు.

"నేను పెట్టుకోను."

నవ్వడానికి నోరు తెరిచిన మామ్మ అలాగే ఉండిపోయింది.

"ఏటీ?"

"నేను. పెట్టుకోను. ఇప్పుడూ కాదు, నెల పోయాకా కాదు."

ఎవుర్తే అని అడగడానికి ఈసారి దారి లేదు.

ఔసలాయన సూది దించేశాడు. "అప్పుడు పసిది, పట్టుకున్నారు. ఇప్పుడు పాప వద్దని సెప్తంటే సూది ఎలా ఎయ్యమంటావమ్మా? మళ్ళీ సేతులు పట్టుకుంటావేటి?"

మామ్మ నా కేసి చూసింది, నాన్న కేసి చూసింది. నాన్న గేదెలకి గడ్డి వెయ్యాలంటూ దిగి వెళ్ళిపోయారు.

"ముక్కు బాగుసెయ్యమని పంపితే, ఆ డాక్టరు దీని నోరు తెరిపించీసినాడే" అంది చివరికి. పుడక అమ్మ మీదికి విసిరి లోపలికి పోయింది. అమ్మ దాన్ని తన పసుపుబరిణెలో వేసింది. ఇప్పటికీ అందులోనే ఉంది. నా ముక్కు మీద ఆవగింజంత మచ్చ మిగిలింది.

సాయంత్రం దాకా మామ్మ నాతో పలకలేదు. దీపాలవేళకి వంటింట్లోంచి కేకేసింది.

"ఒసే, అన్నం తింటావా, తినవా?"

పొద్దున్నుంచీ ఏమీ ముట్టలేదు, ఆకలి దంచేస్తోంది. ఎండుచేపల పులుసు వాసన రెండు ముక్కుపుటాల్లోంచీ లోపలికి దిగుతోంది.

"తినను" అన్నాను. 'తిదదు' అని రాలేదు.

మళ్ళీ ఒకసారి, ఒక్కొక్క అక్షరమే విడదీసి, గట్టిగా అన్నాను. అప్పుడు వెళ్ళి పీట వాల్చుకుని కంచం ముందు కూర్చున్నాను.